తోడేసిన గోడలు

మట్టిగోడ మీద డ్రిల్లు ములికి విరిగిందని సహాయకుడు సుభాన్ వచ్చి చెప్పినప్పుడు నీలవేణి ముందు నమ్మలేదు.

"రాతిగోడ మీద పెట్టుంటావు, చూసుకోలేదు," అంది.

"మట్టిగోడే మేడమ్. మన గోడే. వెనక దొడ్లోకి ఒకసారి రండి."

ఆమెకు ఆ పొద్దున ఊపిరి తిప్పుకోవడానికి తీరిక లేదు. సాయంత్రానికల్లా తుఫాను తీరం దాటుతుందని రేడియో ఒకటే మొత్తుకుంటోంది. విశాఖపట్నం శివార్లలో కొండవాలు మీద ఉన్న ఆ పరిశోధనశాలలో యంత్రాలన్నిటి మీదా టార్పాలిన్లు కప్పించే పని ఆమె నెత్తినే పడింది. గోడ గట్టిగా ఉంటే పండగ చేసుకోవాలి గానీ ఫిర్యాదేమిటని గొణుక్కుంటూనే గొడుగు పట్టుకుని వెళ్ళింది.

దొడ్లో పోయిన ఏడు పరీక్షలకు కట్టి వదిలేసిన గోడముక్కలు పడి ఉన్నాయి. అందులో ఒకదానికి వాచ్‌మన్ తన గేదెను కట్టేస్తాడు. కట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినడు. మిగతా ముక్కలన్నీ డ్రిల్లుకు మామూలుగా లొంగాయి. గేదె ముక్క మాత్రం ములికిని విరిచి పారేసింది. దాని అడుగున మూరెడు మేర తెల్లటి పెచ్చు కట్టి ఉంది. తెల్లవారుజాము నుంచి పడుతున్న జల్లుకు గోడ తడిసి ముద్దయింది. నీలవేణి వంగి చూసేసరికి గుప్పున ఘాటు ముక్కుకు కొట్టి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"గేదె కంపు మేడమ్," అన్నాడు సుభాన్, ముక్కు మూసుకుని.

"గేదెది కాదు. గోడది," అంది నీలవేణి.

ఆ గోడ సంగతి కొంచెం చెప్పాలి. మట్టి పిసికి, గొట్టంలోంచి తాడులా వదులుతూ, వరస మీద వరస పేర్చుకుంటూ పోయే యంత్రం చెయ్యడం పెద్ద విద్యేం కాదు. కంప్యూటర్లో బొమ్మ గీసిస్తే అది తన మానాన తాను తిరుగుతూ కడుతుంది. సముద్రపొడ్డున ఉన్న గెడ్డలపాలెం జనం దాన్ని చూసిన రోజునే కందిరీగ అని పేరు పెట్టేశారు. చిక్కంతా ఎండడం దగ్గర వచ్చింది. గుండ్రటి చుట్టిళ్ళు కట్టేవాళ్ళు ఒక వరస పెట్టి, అది ఆరేదాకా చుట్ట కాల్చుకుంటూ కూర్చుని, తర్వాత రెండో వరస పెడతారు. యంత్రానికి చుట్ట అలవాటు లేదు. తడి మీద తడి వేసుకుంటూ పోతే నడుమెత్తుకు వచ్చేసరికి గోడ కూలబడిపోయేది.

నీలవేణి దానికి మందు కనిపెట్టింది. మట్టిలో కంటికి కనబడని జీవులుంటాయి. వాటిలో ఒక జాతిని పెంచి, కాస్త యూరియా, కాస్త సున్నం మేతగా పెడితే, అవి మేస్తూ రేణువుకీ రేణువుకీ మధ్య రాతిని పుట్టిస్తాయి. పూట తిరిగేసరికి గోడ బిగుసుకుంటుంది. ఆ ద్రావణానికి ఆమె తోడు అని పేరు పెట్టింది. పాలకు తోడేస్తే పెరుగైనట్టే మట్టికి తోడేస్తే రాయవుతుందని ఎవరడిగినా చెప్పేది. మేసేటప్పుడు ఆ జీవులు అమ్మోనియా వాయువును విడుస్తాయి. కట్టేటప్పుడు ఆరుబయలే కాబట్టి అది గాలికి పోతుంది. మేత అయిపోయాక అవి చచ్చిపోతాయి. అలాగని ఆమె నమ్మింది, నలుగురి చేతా నమ్మించింది.

అవి చావలేదు. నిద్రపోయాయి. గేదె మూత్రం వాటికి మేత పెట్టింది, వాన నీరు లేపింది.

యూరియా గేదె మూత్రంలో ఉంటుంది. ఆవు పంచితంలోనూ ఉంటుంది. నీలవేణి తన రెండు చేతుల వంకా చూసుకుంది. మొన్న ఆదివారం ఆ చేతులతోనే గెడ్డలపాలెంలో తన తోడబుట్టిన అప్ప ఇల్లు అలికింది.

*

అప్ప పోలమ్మకి పెళ్ళయిన పదిహేనేళ్ళకి ఆడపిల్ల పుట్టింది. ఎన్ని మొక్కులో, ఎన్ని ఆసుపత్రులో. ఆ పిల్ల పుట్టేనాటికి పోలమ్మ కొత్తింట్లో ఉంది. కందిరీగ కట్టిన మొట్టమొదటి ఇల్లది. బోర్లించిన కుండలా ఉంటుంది. గోడ ఎక్కడైందో కప్పు ఎక్కడ మొదలైందో తెలియదు, అంతా ఒకటే మట్టి. సముద్రం వైపు ఒక తలుపు, ఊరి వైపు ఒక తలుపు, చుట్టూ చిన్న చిన్న కిటికీలు. ఎంత గాలి వీచినా ఒరుసుకుంటూ పక్కనుంచి పోవలసిందే. తన చెల్లెలు కట్టించిన ఇల్లని పోలమ్మ వచ్చినవాళ్ళందరికీ గోడ తట్టి మరీ చూపించేది.

పురుటి స్నానం నాడు ఇల్లు అలకడం ఆ ఊళ్ళో బాలింత చెల్లెలి హక్కు. చెల్లెలు ఎంత చదువుకున్నా, ఎంత ఉద్యోగం చేస్తున్నా చీర కుచ్చిళ్ళు దోపుకుని పేడ కలపాల్సిందే. నీలవేణి సరదాగా కలిపింది. పేడ, ఎర్రమట్టి, బిందెడు పంచితం. నేలే కాదు, లోపలి గోడలు చెయ్యందినంత ఎత్తు వరకూ పూసింది. మర్నాడు పైన సున్నం కొట్టింది. అక్క అత్తగారు నూకాలు పక్కన నిలబడి, "ఆ మూల ఒగ్గీసినావే," అంటూ వంకలు పెడుతుంటే నవ్వుకుంటూ పూసింది.

పరిశోధనశాలలో యూరియా తెల్ల సంచుల్లో వస్తుంది. పంచితం ఇత్తడి బిందెలో వస్తుంది. ఆ రెండూ ఒకటేనని ఆమె చదువుకుంది, పరీక్షల్లో రాసింది, పిల్లలకు పాఠం కూడా చెప్పింది. అలుకుతున్నప్పుడు మాత్రం ఒక్క క్షణం కూడా తట్టలేదు. పురుటింట్లో అది పంచితమే, ఇంకోటి కాదు.

*

ఫోను మూడోసారికి కలిసింది. బావ కారయ్య ఎత్తాడు. వెనకాల గాలి ఈలలు వేస్తోంది.

"ఏటి మరదలా, కంగారు పడతన్నావా? మాకేటి బయ్యం నేదు. ఊరు ఊరంతా బడికి ఎల్లిపోనాది. మేం ఎల్లనేదు. నీ ఇల్లుండగా మాకెందుకేటి?"

"పాప ఎలగుంది బావా?"

"జలుబు సేసినట్టున్నాది. పొద్దుట్నించి ఒకటే దగ్గు. కళ్ళు పుసులు కట్టేత్తన్నాయి. గాలి తగలకుండా కిటికీలన్నీ గుడ్డలు కుక్కీసినాం. అమ్మ సాంబ్రాణి ఏస్తన్నాది."

"వాసనేటైనా వస్తందా?"

"పంచితం వాసనే. తడికి కాస్త ఎక్కువగా ఉన్నాది. మంచిదేనంతంది అమ్మ."

నీలవేణి గోడకు ఆనుకుంది. "బావా, నా మాటిను. ఊరేపు తలుపు తియ్యి. అందర్నీ తీసుకుని బడికెల్లిపో. ఇప్పుడే."

"ఎందుకు, ఇల్లు కూలిపోద్దేటి?"

"కూలదు."

"కూలకపోతే మరేటి?"

ఆమె జవాబు చెప్పేలోపు లైను తెగింది. మళ్ళీ కలవలేదు. సుభాన్ టార్పాలిన్ తాడు వదిలేసి జీపు తాళాలు తెచ్చాడు.

దారిలో ఆమె ఒకటే లెక్క మనసులో వేసుకుంటూ వచ్చింది, తప్పయితే బాగుండునని. లోపల మేత పూసి ఉంది. బయట వాన గోడను నానబెడుతోంది. తడి లోపలి పొరకు చేరినకొద్దీ జీవులు లేస్తాయి. కిటికీలు మూసి ఉన్నాయి. పెద్దవాళ్ళ ముక్కు అలవాటు పడిపోతుంది. పది రోజుల పసిగుడ్డు ఊపిరితిత్తులు ఎంత ఉంటాయి? ఆ ఆలోచన దగ్గరికి వచ్చేసరికి ఆమె బుర్ర పనిచెయ్యడం మానేసేది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేది.

గెడ్డలపాలెం పొలిమేరలో తాడిచెట్టు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. జీపు అక్కడే వదిలేసి ఇద్దరూ వంగి వంగి నడిచారు. ఇసక మొహానికి సూదుల్లా గుచ్చుకుంటోంది. ఊళ్ళో పాకల కప్పులు అప్పటికే సగం లేచిపోయాయి. ఆ మధ్యలో అప్ప ఇల్లు మాత్రం తనకేమీ పట్టనట్టు కూర్చుని ఉంది. ఇంకెప్పుడైనా అయితే నీలవేణికి ఒళ్ళు పొంగిపోయేది.

*

నూకాలు తలుపు బెత్తెడు తీసింది. "జట్టున రాయే. బాలింతకి గాలి తగుల్తాది."

లోపల అడుగుపెట్టగానే సుభాన్ దగ్గుతూ వెనక్కి తిరిగి బయటికి పోయాడు. నీలవేణికి గొంతులో కారం పోసినట్టయింది. పోలమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. ఆమె కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చీర ఉయ్యాల్లో పాప నోరు తెరుచుకుని గబగబా ఊపిరి తీస్తోంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"పొద్దుట్నించి పాలు తాగట్నేదే సెల్లీ," అంది పోలమ్మ. ఆమె గొంతు బొంగురుపోయింది.

"తలుపులు తియ్యండి. ఇక్కడ ఉండకూడదు," అంది నీలవేణి.

నూకాలు ఆ మాట వినిపించుకోలేదు. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఉయ్యాల పైన కట్టిన గుడ్డ వైపు చెయ్యి చూపించింది. పురిటినాడు పసుపు ముంచి కట్టిన తెల్లగుడ్డ అది. ఇప్పుడు కుంకం రంగులో ఉంది.

"సూసినావా? ఎవులూ సెయ్యెట్టనేదు. దానంతటదే ఎర్రబడిపోనాది. అమ్మోరొచ్చి కూకున్నాది మా ఇంట. తుపాన్లో పిల్లని కాయడానికొచ్చిన తల్లిని ఒగ్గీసి ఎక్కడికెల్తామే?"

నీలవేణి ఆ గుడ్డను తాకి చూసింది, చెమ్మగా ఉంది. అమ్మోనియా తగిలితే తడి పసుపు ఎర్రబడుతుంది. గాలిలో ఎంత విషం ఉంటే గుడ్డ అంత ఎరుపెక్కుతుందో ఆమెకు తెలుసు.

"అత్తా, అది అమ్మోరు కాదు. నా గోడ. గోడ విసం కక్కుతంది."

"ఎర్రి మాటలాడకు. నీ సేత్తో అలికిన గోడ విసం కక్కుద్దా?"

"నా సేత్తో అలికినందుకే కక్కుతంది."

కారయ్య ఇద్దరి మధ్యా నిలబడి తలుపు వంకా, పాప వంకా చూస్తున్నాడు. "బయిట రేకులెగిరిపోతన్నాయి మరదలా. పసిగుంటని పట్టుకుని ఎలగెల్తాం? ఈ తలుపు తీసి ఉంచుకుంటే సాల్దా?"

"జల్లు లోపలికి కొట్టి గోడ ఇంకా తడుస్తాది. తడిసినకొద్దీ ఎక్కువౌద్ది. నాకు తెలిసి సెప్తన్నాను బావా."

"నీకన్నీ తెలుసు. మొన్న తెల్దేటి?" అన్నాడు కారయ్య.

నీలవేణి ఉయ్యాల మీది గుడ్డ విప్పింది. నూకాలు అరవబోయేలోపు ఆమె చెయ్యి పట్టుకుని ఊరి వైపు తలుపు దగ్గరికి లాక్కుపోయింది. గాలి మరుగున, గడప బయట, గుడ్డను చాచి పట్టుకుంది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. అంచుల దగ్గర ఎరుపు వెలిసింది. కాసేపటికి గుడ్డ అంతా మళ్ళీ పసుపుపచ్చగా అయిపోయింది. లోపలికి తెచ్చి పట్టుకుంటే కళ్ళముందే కందగడ్డలా మారింది. మళ్ళీ బయటికి తీసుకుపోయింది.

నూకాలు ఆ గుడ్డను నీలవేణి చేతిలోంచి తీసుకుని రెండు కళ్ళకూ అద్దుకుంది.

"తల్లి బయిటికెల్లిపోనాది. నన్నూ రమ్మంతంది," అంది. లోపలికి తిరిగి కొడుకును కేకేసింది. "ఒరే కారీ, పిల్లనెత్తు. ఎల్లిపోదుం."

నమ్మిందో, నమ్మినట్టు తనకు తాను చెప్పుకుందో నీలవేణికి తెలియలేదు. అడిగే వ్యవధి కూడా లేదు.

*

బడి వలల పాక దాటితే కనబడుతుంది. మామూలు రోజున బీడీ కాల్చుకుంటూ పోతే బీడీ అయిపోయేలోపు చేరతారు. కారయ్య పాపను గుండెకు కట్టుకుని, పైన వానకోటు తొడుక్కుని ముందు నడిచాడు. సుభాన్ పోలమ్మను పట్టుకున్నాడు. నీలవేణి నూకాలు చెయ్యి పట్టుకుంది. ముసలమ్మ చెయ్యి వెచ్చగా, గరుగ్గా ఉంది.

"బాలింతని తుపాన్లో నడిపించిన ఊరు మనదే," అంది నూకాలు నడుస్తూ. తిట్టిందో నవ్విందో గాలిలో తేలలేదు.

వలల పాక కప్పు అప్పుడే లేచింది. రేకు ఎటునుంచి వచ్చిందో నీలవేణి చూడలేదు. చప్పుడు కూడా విన్నట్టు లేదు. తన చేతిలో ఉన్న చెయ్యి ఉన్నట్టుండి బరువెక్కి కిందికి లాగింది, అంతే. తిరిగి చూసేసరికి నూకాలు ఇసకలో పక్కకు ఒరిగి ఉంది. కారయ్య వెనక్కి తిరగబోతే నీలవేణి వద్దని చెయ్యి ఊపింది. వానకోటు లోపల కూతురు, ఇసకలో తల్లి. అతను ఒక్క క్షణం నిలబడి, బడి వైపు పరుగెత్తాడు. నీలవేణీ, తిరిగొచ్చిన సుభానూ కలిసి ముసలమ్మను మోసుకొచ్చారు. గాలి తగ్గకముందే ఆమె ప్రాణం పోయింది.

బడి వరండాలో పాప గొంతు విప్పి ఏడ్చింది. ఆ ఏడుపు చిన్నపిల్ల ఏడుపులా లేదు, గొంతు పట్టేసిన ముసలివాళ్ళ దగ్గులా ఉంది.

*

తుఫాను వెళ్ళిపోయాక ఊళ్ళో మిగిలిన ఇల్లు ఒక్కటే. దానికి ఎక్కడా పగులు లేదు. పత్రికలవాళ్ళు వచ్చి ఆ కుండలాంటి ఇంటిని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నారు. లోపలికి వెళ్ళినవాళ్ళకు ఏ వాసనా రాలేదు. ఎండకు గోడలు ఆరిపోయాయి, జీవులు మళ్ళీ నిద్రపోయాయి. పరిశోధనశాల డైరెక్టరు శేషాచలం స్వయంగా వాయువు కొలిచే మీటరు పట్టుకుని నాలుగు మూలలా చూశాడు. ముల్లు కదల్లేదు.

ముసల్దాన్ని అనవసరంగా బయటికి లాక్కొచ్చి చంపేశారని ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. గుసగుసలు కాస్తా నాలుగు రోజుల్లో మామూలు మాటలైపోయాయి. కారయ్య నీలవేణితో మాట్లాడడం మానేశాడు. పాపను ఆసుపత్రి నుంచి తెచ్చేటప్పుడు కూడా ఆమె కారెక్కితే తాను బస్సెక్కాడు.

నూకాలు దినం నాటికి శేషాచలం మళ్ళీ వచ్చాడు. బడి ఆవరణలో ఊరంతా ఉంది. ఇల్లు పోయినవాళ్ళందరికీ అలాంటి ఇళ్ళే కట్టిస్తామని ప్రకటించాలని ఆయన తొందర. తోడు కనిపెట్టిన మనిషి సరేననకుండా ప్రకటించడం బాగోదు కనక నీలవేణిని పక్కకు పిలిచాడు.

"చూడమ్మా, ఆవేశపడకు. గోడలకు పేడా పంచితం పూయకూడదని ప్రతి ఇంటికీ బోర్డు పెడదాం. సరిపోతుంది."

"గోడలకు ఏ పూతా అక్కర్లేదని ఊరూరా చెప్పింది నేనే సార్. పూసిందీ నేనే. నేనే ఆగలేకపోయాను, బోర్డు ఎవరిని ఆపుతుంది? పుడితే అలుకుతారు, పోతే అలుకుతారు. అదిగో చూడండి."

పోలమ్మ ఇంటి ముందు ఆడవాళ్ళు మైల కడగడానికి పేడ కలుపుతున్నారు. నీలవేణి వెళ్ళి ఆ తట్టను పక్కకు లాగేసి తిరిగొచ్చింది. గుడిసె పోగొట్టుకున్న చిన్నమ్మి అనే ఆమె అంతెత్తున లేచింది.

"అయితే అలకం. అమ్మోరి మీద ఒట్టు. మా పిల్లల్ని సెట్లకింద పండబెట్టీసి నీకేటి సుకం? నీ అప్పకి కట్టినావు, మాకొచ్చేసరికి విసమా?"

"అప్పకి కట్టినందుకే తెలిసింది," అంది నీలవేణి. "తోడుని నిజంగా సంపే దారి దొరికేదాకా ఈ ఇళ్ళు వొద్దు."

"ఎంత కాలం పడుతుంది?" అన్నాడు శేషాచలం.

"తెలియదు సార్."

జనంలోంచి రకరకాల మాటలు వచ్చాయి. లోపల విషం ఉంటే మీటరెందుకు కదల్లేదని ఒకడడిగాడు. చేసిన తప్పు కప్పెట్టుకోడానికి కథలు చెబుతోందని ఇంకొకడన్నాడు. అప్పుడు మూల నుంచి కారయ్య లేచాడు. తల గొరిగించుకున్న అతని ముఖం చిన్నదైపోయినట్టుంది.

"నీలా. ఒకటడుగుతాను, నిజం సెప్పు. మేం లోపలే ఉండుంటే మా యమ్మ బతికేదా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. బతికేది కాదంటే చాలు. ఎవరూ తేల్చలేరు. బావ మళ్ళీ మరదలా అని పిలుస్తాడు, ఊరు నోరు మూసుకుంటుంది.

"బతికేదేమో బావా," అంది. "కళ్ళు పోయేవి, రొమ్ము పాడైపోయేది. అయినా పెద్ద పేనం, తట్టుకునేదేమో. పాప తట్టుకునేది కాదు. తెల్లారేదాకా కూడా ఉండేది కాదు."

కారయ్య ఆ మాట విని తల దించుకుని నిలబడ్డాడు. తర్వాత అతను తిన్నగా తన ఇంటికి నడిచి, రెండు తలుపులూ మూసి, పడవ తాడుతో గడియలకు ముడులు వేసి తిరిగి వచ్చాడు.

"బాబూ," అన్నాడు శేషాచలంతో. "అబద్దం ఆడేదైతే మా మరదలు ఇప్పుడాడేది. అందుకే మిగతాది కూడా నమ్మినాను. ఆ ఇంట్లోకి ఎవులూ ఎల్లరు. అలాటిది ఇంకోటి ఈ ఊళ్ళో లెగదు." చిన్నమ్మి ఏదో అనబోయింది గానీ అతని ముఖం చూసి ఊరుకుంది.

నీలవేణి అతని దగ్గరికి వెళ్ళబోయింది. కారయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నమ్మినాను. నీతో మాటాడ్డానికి మాత్రం మనసు రాట్నేదు. ఎప్పుడొస్తాదో నాకే తెల్దు."

అతను వెళ్ళి శ్రాద్ధం పనుల్లో పడ్డాడు. పోలమ్మ అంతసేపూ స్తంభానికి ఆనుకుని వింటూనే ఉంది. పాపను తెచ్చి చెల్లెలి ఒడిలో పెట్టి, వంటవాళ్ళకు బియ్యం కొలిచివ్వడానికి వెళ్ళింది. పిల్ల నిద్రపోతోంది. ఊపిరి తీసినప్పుడల్లా లోపల ఎక్కడో సన్నగా గరగరమంటోంది. అది పోతుందో, జన్మంతా ఉంటుందో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు. నీలవేణి తల వంచి ఆ చప్పుడే వింటూ కూర్చుంది.